పటం అంటే గుడ్డ

యర్రగొండపాలెంలో చాలా ఇళ్ళలో గోడకి ఏదో ఒక పటం ఉంటుంది. ఒక ఇంట్లో వెంకటేశ్వరస్వామి. పక్కింట్లో శ్రీశైలం మల్లన్న. ఇంకో ఇంట్లో ఏసుప్రభువు. సాయిబుల ఇంట్లో మక్కా. కొన్ని ఇళ్ళలో పోతులూరి వీరబ్రహ్మంగారు. ఆయన పక్కన శిష్యుడు సిద్దయ్య.

బ్రహ్మంగారు రాజు కాదు. బనగానపల్లెలో గొడ్లు కాశాడు. సిద్దయ్య దూదేకుల ఇంట్లో పుట్టాడు. వాళ్ళు మన వంటి మనుషులే. అయినా గోడ మీద దేవుళ్ళ సరసన కూర్చున్నారు. వాళ్ళను అక్కడ కూర్చోబెట్టింది ఏ రాజూ కాదు. జనమే.

ఇట్టా జనం తమ మునులనూ, తమ పెద్దలనూ బొమ్మలు గీయించి మొక్కడం ఇప్పటిది కాదు. అచ్చుబొమ్మలు రాకముందు నుంచీ ఉంది. మరి అప్పుడు ఆ బొమ్మలు ఎవరు గీశారు? దేని మీద గీశారు?

జవాబు ఆ మాటలోనే ఉంది. పటం అనే మాటకు అసలు అర్థం గుడ్డ. వెనకటి రోజుల్లో బొమ్మను గుడ్డ మీద గీసేవారు. అందుకని గుడ్డ మీది బొమ్మకు పటం అనే పేరు వచ్చింది. తరవాత కాగితం వచ్చింది. అద్దం బిగించిన చట్రం వచ్చింది. గుడ్డ పోయింది కానీ పేరు పోలేదు. దేశం బొమ్మను దేశపటం అంటాం. పిల్లలు ఎగరేసేది గాలిపటం. బడిలో ఉన్నా, ఆకాశంలో ఉన్నా అది ఆ పాత గుడ్డ మాటే.

చేర్యాల నకాషీలు

గుడ్డ మీద పటాలు గీసే ఊరు ఒకటి ఇప్పటికీ ఉంది. దాని పేరు చేర్యాల. అది తెలంగాణలో ఉంది. ముందు వరంగల్లు జిల్లాలో ఉండేది. 2016లో కొత్త జిల్లాలు చేసినప్పుడు సిద్దిపేట జిల్లాలోకి పోయింది. అక్కడ బొమ్మలు గీసేవారిని నకాషీలు అంటారు. నకాషీ ఉర్దూ నుంచి వచ్చిన మాట. బొమ్మలు, నగిషీలు చేసే పని అని అర్థం.

నకాషీల పటం మన గోడ పటం లాగా చిన్నది కాదు. వెడల్పు సుమారు ఒక గజం. పొడవు ముప్ఫై అడుగులు, నలభై అడుగులు, ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది. ఆరు గజాల చీర పద్దెనిమిది అడుగులు. అట్టాంటి చీరలు రెండు నిలువుగా కలిపితే ఎంత పొడవో, ఒక్కో పటం అంత పొడవు. దాన్ని చాపలాగా చుట్టి పెడతారు. కథ చెప్పేటప్పుడు పై నుంచి కొంచెం కొంచెం విప్పుతారు.

గుడ్డను ఊరికే తెచ్చి దాని మీద గీయరు. ముందు దాన్ని సిద్ధం చెయ్యాలి. చేనేత గుడ్డ తీసుకుంటారు. గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, చెట్టు బంక కలిపి దానికి పూస్తారు. ఆరబెడతారు. మళ్ళీ పూస్తారు. ఇట్టా రెండు మూడు పూతలు పడాలి. అప్పుడు గుడ్డ రంధ్రాలన్నీ మూసుకుంటాయి. అలికిన గోడ మాదిరి నున్నగా అవుతుంది. చింతగింజలు నానబెట్టి, నూరి, ఉడికించి జిగురు తీయడం చిన్న పని కాదు. ఈ పనిలో ఇంటి ఆడవాళ్ళ చెయ్యి ఎప్పుడూ ఉంది. పేరు మాత్రం గీసిన మగవాడికే వచ్చేది. ఇప్పుడు చేర్యాల ఇళ్ళలో ఆడవాళ్ళు కూడా కుంచె పట్టి గీస్తున్నారు.

కుంచెకు ఉడత తోక వెంట్రుకలు వాడేవారు. రంగులు ఇళ్ళలోనే చేసుకునేవారు. దీపం మసి నుంచి నలుపు. నీలిమందు నుంచి నీలం. ఇంగిలీకం నుంచి ఎరుపు. గవ్వలు, గుల్లలు నూరి తెలుపు. ఇప్పుడు చాలామంది అంగడి రంగులే కొంటున్నారు. అయినా ఒకటి మారలేదు. పటం వెనక అంతా ఎర్ర రంగే ఉంటుంది. ఆ ఎరుపు మీద మనుషులు, చెట్లు, జంతువులు ఎగసి కనిపిస్తాయి. చేర్యాల పటాన్ని దూరం నుంచే గుర్తుపట్టడానికి ఆ ఎరుపు చాలు.

ఎవరి పటం వారిది

ఈ పటాలు రాజుల కోసం గీసినవి కావు. పని చేసుకుని బతికే కులాల కోసం గీసినవి. ఒక్కో కులానికి ఒక్కో పటం. ఆ కులం ఎట్టా పుట్టింది, వాళ్ళ మూలపురుషుడు ఎవరు అనే కథ అందులో ఉంటుంది. ఆ కథ చెప్పడానికి వేరే కళాకారులు ఉండేవారు. వారిది వేరే కులం. ఊళ్ళను వారు పంచుకునేవారు. ఏడాదికో, రెండు మూడేళ్ళకో ఒకసారి పటం మోసుకుని తమ ఊళ్ళకు వచ్చేవారు. కొబ్బరికాయ కొట్టి, పటానికి పూజ చేసి, రాత్రంతా కథ చెప్పేవారు. జనం ధాన్యం, డబ్బు, బట్టలు ఇచ్చి పంపేవారు.

పద్మశాలీలకు కథ చెప్పేవారు కూనపులివారు. వాళ్ళ పటంలో మార్కండేయుడు, భావనారుషి ఉంటారు. భావనారుషి పద్మశాలీల మూలపురుషుడు. విష్ణుమూర్తి బొడ్డులో నుంచి తామర పుట్టింది కదా. ఆ తామర తూడు నుంచి నూలు తీసి దేవతలకు బట్ట నేశాడని కథ. అప్పటిదాకా దేవుళ్ళకు కూడా బట్ట లేదన్నమాట! మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పగలంతా వంగి నేసే మనిషికి ఈ మాట వింటే ఎట్టా ఉంటుంది? దేవుడు కట్టిన మొదటి బట్ట మా తాత నేసిందే అనుకుంటాడు. నడుము నొప్పి పోదు కానీ తల పైకి లేస్తుంది.

చాకలివారికి మడేలు పురాణం చెప్తారు. దక్షుడు యజ్ఞం చేసి శివుణ్ణి పిలవలేదు. శివుడి కోపం నుంచి వీరభద్రుడు పుట్టాడు. యజ్ఞం ధ్వంసం చేశాడు. ఎందరినో చంపాడు. ఆ పాపం పోవాలంటే లోకంలో అందరి బట్టలూ ఉతకమని శివుడు వీరభద్రుణ్ణే పంపాడట. చాకలివారు ఆ వీరభద్రుడి సంతతి అని కథ. చాకలివారిలో నిజంగా పుట్టిన ఒక భక్తుడు కూడా ఉన్నాడు. ఆయన మడివాలు మాచయ్య. సుమారు 850 ఏళ్ళ కిందట, కన్నడ దేశంలో కళ్యాణం అనే ఊళ్ళో, బసవేశ్వరుడి కాలంలో ఉన్నాడు. బసవేశ్వరుడు ఆయన్ను ఎంతో గౌరవించాడు. పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణంలో ఆయన కథ చెప్పాడు.

గౌడులకు గౌడ పురాణం ఉంది. మంగలివారికి, ముదిరాజులకు వాళ్ళ వాళ్ళ కథలు ఉన్నాయి. మాదిగలకు జాంబపురాణం ఉంది. దాన్ని డక్కలివారు చెప్తారు. భూమి పుట్టకముందే జాంబవంతుడు పుట్టాడట. అంటే మాదిగలే అందరికన్నా పెద్దవారు. ఊరి బయట ఉంచిన మనుషులు, ఊరు పుట్టకముందే మా తాత ఉన్నాడని చెప్పుకున్నారు. అది మామూలు కథ కాదు. గుడి లోపలికి రానివ్వని చోట, ఆ గుడ్డే వాళ్ళకు గుడి అయింది.

అయితే ఇందులో ఒక చేదు కూడా ఉంది. కథ చెప్పే డక్కలివారిని మాదిగలు కూడా దూరంగానే ఉంచేవారు. ఇళ్ళలోకి రానిచ్చేవారు కాదు. పటం ముందు కూర్చుని కథ విని, పటం మోసిన మనిషిని వాడ బయట పడుకోమన్నారు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అది 1950లో అమలులోకి వచ్చింది. పటాలను మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పుకోవాలి. కులానికి గౌరవం ఇచ్చిన పటమే, ఎవరి కులంలో వారు ఉండమని కూడా చెప్పింది.

మన గడ్డ కథ

గొల్లవారి కథ మాత్రం మన వైపుది. అది కాటమరాజు కథ. కాటమరాజుది దొనకొండ అంటారు. మార్కాపురానికి, కురిచేడుకు పోయేవారికి దొనకొండ తెలిసిందే. సుమారు 750 ఏళ్ళ కిందటి సంగతి ఇది. ఈ పక్క వానలు పడలేదు. గడ్డి లేదు. కాటమరాజు ఆవుల మందలను తోలుకుని నెల్లూరు సీమకు పోయాడు. అక్కడ నల్లసిద్ధి అనే రాజు ఉన్నాడు. ఆయన పచ్చికలో ఆవులు మేసినందుకు పన్ను కట్టాలి. ఆ పన్ను పేరు పుల్లరి. పుట్టిన కోడెదూడలను రాజుకు ఇచ్చేట్టు మాట అయింది. తరవాత ఆ పుల్లరి దగ్గరే తగాదా వచ్చింది. పెద్ద యుద్ధం జరిగింది. నల్లసిద్ధి సేనాపతి ఖడ్గతిక్కన అందులో చనిపోయాడు. మహాభారతం తెలుగులో రాసిన తిక్కనకు ఈయన దాయాది.

వాన లేక గొడ్లను తోలుకుని ఊరు విడవడం పడమటి ప్రకాశానికి కొత్త కాదు. ఏడు వందల ఏళ్ళ కిందట కూడా అదే బాధ. అందుకే ఈ కథ నిలిచింది. తెలంగాణలో ఈ కథను మందెచ్చులవారు చెప్తారు. వీళ్ళు బొమ్మలు వరసగా పేర్చి, ఒక్కో బొమ్మను తీసి చూపిస్తూ కథ నడుపుతారు. తేలిక చెక్కతో, రంపపు పొట్టూ చింతగింజల జిగురూ కలిపిన ముద్దతో ఆ బొమ్మలను చేసేదీ నకాషీలే. ఒకే బొమ్మ ఒకచోట కాటమరాజు, ఇంకోచోట ఇంకొకరు కాదు. ఎవరి ముఖం వారిదే.

శ్రీశైలం పోయినవారు గుడి చుట్టూ ఉన్న పెద్ద గోడను చూసే ఉంటారు. విజయనగర రాజుల కాలం గోడ అది. దాని మీద వరసలు వరసలుగా బొమ్మలు. ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్ళు, మునులు, శివుడి కథలు. రంగు లేదు, రాయి. అయినా పద్ధతి ఒకటే. వరస వెంట నడుస్తూ పోతే కథలు వస్తాయి. ఈసారి దోర్నాల దాటి కొండెక్కినప్పుడు, దర్శనం అయ్యాక ఆ గోడ చుట్టూ ఒకసారి తిరిగితే మంచిది. చాలామంది ప్రసాదం తీసుకుని అటే బస్సెక్కుతారు.

బొమ్మను చదవడం

పటాన్ని చదివే పద్ధతి ఉంది. పైన మొదట వినాయకుడు ఉంటాడు. పుస్తకం మొదట శ్రీ రాసినట్టు. దాని కింద కథ మొదలవుతుంది. ఒక అడ్డ వరస అయ్యాక ఇంకో అడ్డ వరస. మధ్యలో పూలతీగ అంచు. నోటుబుక్కులో గీతల మధ్య రాసినట్టే ఉంటుంది. కథ చెప్పేవారు కర్రతో ఒక్కో బొమ్మను చూపిస్తూ పాడతారు.

రంగు కూడా ఒక గుర్తు. దేవుడికి నీలం. దేవతకు పసుపు. రాక్షసుడికి ముదురు రంగు. మనిషిని మొదటి వరసలో ఏ రంగుతో, ఏ బట్టతో గీశారో చివరిదాకా అట్టాగే గీస్తారు. అందుకని ఎక్కడ కనిపించినా గుర్తుపట్టవచ్చు. అఆలు రానివాళ్ళు కూడా ఇట్టా నలభై అడుగుల కథను చదివారు. వాళ్ళను ఏమీ తెలియనివాళ్ళు అనడం తప్పు. వాళ్ళకు వేరే లిపి తెలుసు.

ఆ బొమ్మల్లో దేవుళ్ళ పక్కనే మామూలు పనులు కూడా ఉంటాయి. మగ్గం, తాడిచెట్టు, బావి, వంట, పెళ్ళి. భావనారుషి పెళ్ళి అయినా మన ఊరి పెళ్ళిలాగే ఉంటుంది. గీసినవాడు స్వర్గం చూడలేదు. పల్లె చూశాడు. అదే గీశాడు.

ఎక్కడో దూరాన, ఇదే పని

ఇట్టాంటి పని మన దేశంలోనే జరగలేదు. అమెరికాలో న్యూ మెక్సికో అనే రాష్ట్రం ఉంది. కొండలు, ఎండ, తక్కువ వాన. నల్లమల దిగువ పల్లెలకు అక్కడి ఎండ కొత్తగా అనిపించదు. 1598లో స్పెయిన్ దేశం వాళ్ళు అక్కడికి వచ్చి ఊళ్ళు కట్టుకున్నారు. ఆ ఊళ్ళు రాజధానికి చాలా దూరం. అప్పటి రాజధాని మెక్సికో నగరం. బండ్ల మీద పోతే నెలలు పట్టేది. చర్చీలు కట్టారు కానీ లోపల పెట్టడానికి మంచి బొమ్మలు దొరకవు. ఫాదరు రావడమే అరుదు.

అప్పుడు ఊరి మనుషులే బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. దేవదారు వంటి చెట్టు పలక తీసుకున్నారు. తెల్ల సుద్దను, తోలు ఉడికించిన జిగురుతో కలిపి పలకకు పూశారు. దాని మీద మట్టి రంగులు, ఆకు రంగులతో తమ పునీతులను గీశారు. మన నకాషీలది సుద్ద, చింతగింజ. వాళ్ళది సుద్ద, తోలు జిగురు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. చేతిలో ఉన్నదాంతో పని చేసుకునేవాళ్ళ బుద్ధి ఎక్కడైనా ఒకే దారిన పోతుందేమో!

వాళ్ళకు చాలా ఇష్టమైన పునీతుడు ఒకడు ఉన్నాడు. పేరు ఇసిద్రో. స్పెయిన్‌లో మాద్రిద్ దగ్గర కూలి రైతు. ఒకరి పొలంలో పని చేసేవాడు. ప్రార్థన చేసుకుంటూ పనికి ఆలస్యం చేస్తున్నాడని యజమానికి చాడీ చెప్పారు. యజమాని చాటుగా వచ్చి చూశాడు. ఇసిద్రో మోకాళ్ళ మీద ప్రార్థనలో ఉన్నాడు. దేవదూత అరక దున్నుతున్నాడు! న్యూ మెక్సికో పలకల మీద ఈ బొమ్మ మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. ఎద్దులు, నాగలి, రెక్కలున్న దేవదూత. మే 15న ఇసిద్రో పండగ. ఆ రోజు ఆయన బొమ్మను పొలాల వెంట ఊరేగిస్తారు. వాన కోసం, పంట కోసం మొక్కుకుంటారు.

మొక్కు తీరకపోతే అక్కడివాళ్ళు పునీతుడి బొమ్మను గోడవైపు తిప్పి పెట్టేవారట. అలక అన్నమాట.

అచ్చుబొమ్మ వచ్చింది

1880 ప్రాంతంలో న్యూ మెక్సికోకు రైలు వచ్చింది. రైల్లో చవక అచ్చుబొమ్మలు వచ్చాయి. పలక బొమ్మలు గీసేవారికి పని తగ్గిపోయింది.

మన దగ్గరా అదే జరిగింది. రవివర్మ అనే చిత్రకారుడు 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టించాడు. లక్ష్మి, సరస్వతి బొమ్మలు రంగుల్లో వేల కొద్దీ అచ్చయ్యాయి. తరవాత శివకాశి క్యాలెండర్లు వచ్చాయి. కిరాణా కొట్టువాడు ఉగాదికి ఊరికే ఇచ్చే క్యాలెండర్‌లో కూడా దేవుడు ఉంటాడు. సినిమా వచ్చింది. టీవీ వచ్చింది. రాత్రంతా కూర్చుని పటం కథ వినేవాళ్ళు తగ్గారు. వినేవాళ్ళు లేకపోతే చెప్పేవాళ్ళు లేరు. చెప్పేవాళ్ళు లేకపోతే గీయించేవాళ్ళు లేరు.

అచ్చుబొమ్మను తిట్టాల్సిన పని లేదు. గుడి మెట్లు ఎక్కనివ్వని ఇళ్ళలోకి కూడా అది దేవుణ్ణి నాలుగు అణాలకు తెచ్చి ఇచ్చింది. అది మంచి పనే. కానీ అచ్చుబొమ్మల్లో భావనారుషి అరుదు. జాంబవంతుడు అరుదు. ఎక్కువమంది కొనే దేవుళ్ళనే అచ్చు వేస్తారు. చిన్న కులాల పెద్దలు, కూలివాళ్ళ మునులు అక్కడ వెనకపడ్డారు.

చేర్యాలలో ఇప్పుడు కొద్ది కుటుంబాలే ఈ పని చేస్తున్నాయి. ధనాలకోట ఇంటిపేరు వారు వారిలో పేరున్నవారు. జాతీయ బహుమతులు కూడా వచ్చాయి. పట్నాల్లో జనం ఇంట్లో తగిలించుకోవడానికి చిన్న చిన్న పటాలు, ముసుగు బొమ్మలు కొంటున్నారు. నలభై అడుగుల పటం గీయించేవారు తక్కువ. ఒక అడుగు బొమ్మలో పురాణం అంతా పట్టదు. ఒక్క ఘట్టమే పడుతుంది. అయినా దానివల్ల నకాషీల ఇళ్ళలో పొయ్యి వెలుగుతోంది.

మన రాష్ట్రంలో శ్రీకాళహస్తిలో కూడా గుడ్డ మీద దేవుళ్ళ కథలు గీస్తారు. దాన్ని కలంకారీ అంటారు. వెదురు పుల్లకు గుడ్డ చుట్టి, దాన్నే కలంగా వాడతారు. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. బెల్లం, ఇనుము నానబెట్టిన నీళ్ళతో నలుపు వస్తుంది. ఆ పని కూడా ఒకప్పుడు అంతరించే దాకా పోయింది. 1957లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. దానితో మళ్ళీ నిలబడింది. జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. ఇవాళ శ్రీకాళహస్తిలో ఈ పని చేసేవారిలో ఆడవాళ్ళు చాలామంది.

పాత పటం ఏమవుతుంది

పటం వానకు తడిసి, చుట్టి విప్పి, చిరిగిపోతుంది. అప్పుడు కొత్త పటం గీయిస్తారు. పాతదాన్ని పారెయ్యరు. పూజ చేసి నదిలో కలుపుతారు. మనిషి అస్థికలు కలిపినట్టు. అందుకనే బాగా పాత పటాలు దొరకవు. సుమారు 1625 నాటి పటం ఒకటి హైదరాబాదులో జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో ఉంది. అది భావనారుషి కథ పటం. నాలుగు వందల ఏళ్ళ గుడ్డ. 

ఎవరింట్లోనైనా పెట్టె అడుగున అట్టాంటి పాత పటమో, తోలుబొమ్మో, చేత్తో గీసిన దేవుడి బొమ్మో ఉంటే కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. తడిగుడ్డతో తుడవకూడదు. రంగు బంకతో కలిపింది కాబట్టి నీళ్ళు తగిలితే కరుగుతుంది. మెత్తటి పొడిగుడ్డ చాలు. పటాన్ని మడత పెట్టకూడదు. మడత దగ్గర సుద్ద పూత పగిలి రాలిపోతుంది. చాపలాగా వదులుగా చుట్టాలి. చెమ్మ తగలనిచోట పెట్టాలి. ఊరూరూ తిరిగి పాత వస్తువులు కొనేవాళ్ళు వందో రెండొందలో ఇస్తామంటే తొందరపడకూడదు.

ఇంకొక పని ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే వాళ్ళ దగ్గర కూర్చుని అడగాలి. ఈ బొమ్మ ఎవరిది, ఈమె ఎవరు, ఈ గుర్రం మీద ఉన్నది ఎవరు, ఈ పటం ఎవరు గీశారు అని. వాళ్ళు చెప్పినవి చెప్పినట్టు రాసుకోవాలి. పటం మీద రాయకూడదు. వేరే కాగితం మీద, పై వరస నుంచి కింది వరస దాకా, ఒక్కో బొమ్మకు ఒక్కో పేరు రాసి, ఆ కాగితాన్ని పటంతో పాటే పెట్టెలో పెట్టాలి.